సాగే దారం.. తెగని తగాదా

ఇంజినీరింగ్ ఫైనలియర్ పిల్లల రెజ్యూమెల్లో ఈమధ్య ఒక లైన్ తరచూ కనిపిస్తోంది. 'పేటెంట్ పబ్లిష్డ్ - 1' అని. కొందరికి రెండు, మూడు కూడా ఉంటున్నాయి. ఏం కనిపెట్టావయ్యా అని అడిగితే ప్రాజెక్టు పేరు చెబుతారు. మరి అందులో క్లెయిమ్ 1 ఏమిటి అని అడిగితే నీళ్లు నములుతారు. ఎందుకంటే ఆ కాగితం రాసింది ఇంకెవరో. పేర్ల జాబితాలో తమది ఎనిమిదోదో తొమ్మిదోదో.

ముందు ఒక సంగతి సూటిగా చెప్పుకుందాం. మన దేశంలో పేటెంట్ కోసం దరఖాస్తు పెడితే 18 నెలలకు అది పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో అచ్చవుతుంది. ఫారం 9 పెట్టి ఫీజు కడితే ఇంకా ముందే అవుతుంది. అందులో కొత్తదనం ఉందా, లేదా అని అప్పటికి ఎవరూ చూసి ఉండాల్సిన అవసరం లేదు. చూడండి అని మనమే ఫారం 18 పెట్టుకోవాలి. 2024లో మారిన రూల్స్ ప్రకారం దానికి గడువు 31 నెలలు. పెట్టకపోతే దరఖాస్తును మనమే వెనక్కి తీసుకున్నట్టు లెక్క. కాబట్టి 'పబ్లిష్డ్' అంటే 'అప్లికేషన్ పెట్టాం' అని చెప్పుకోవడమే. ఫంక్షన్ హాలు బుక్ చేసినంత మాత్రాన పెళ్లయిపోయినట్టు కాదు కదా!

కాలేజీల లెక్క వేరు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుల్లో పబ్లిష్ అయినవీ, మంజూరైనవీ రెండూ లెక్కకొస్తాయి. 2021 నుంచి విద్యాసంస్థలకు పేటెంట్ ఫీజుల్లో 80 శాతం తగ్గింపు కూడా ఇస్తున్నారు. తగ్గింపు మంచిదే, నేను కాదనను. కానీ దాని ఫలితంగా కొన్ని చోట్ల సెమిస్టర్‌కు ఇన్ని అని టార్గెట్లు పెట్టి, పాత పేటెంట్లు ఒక్కటీ వెతకకుండా కొత్త దరఖాస్తులు గుమ్మరిస్తున్నారు. స్టూడెంటుకు మిగిలేది ఒక సర్టిఫికెట్, ఒక రెజ్యూమె లైన్.

నా అభిప్రాయం వేరు. డిగ్రీ చేతికొచ్చేలోపు మన పేరు మీద ఒక పేటెంట్ ఉండటం కంటే, వేరేవాళ్ల పేటెంట్‌ను మొదటి నుంచి చివరి దాకా చదవడం వచ్చి ఉండటమే ఎక్కువ పనికొస్తుంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు. మీ కాళ్లకున్న సాక్సు, స్పోర్ట్స్ షూస్ చుట్టూ జరిగిన రెండు పెద్ద తగాదాలు చూస్తే మీకే తెలుస్తుంది. రెండూ సాగే అల్లిక గురించినవే. ఒకటి దారం దగ్గర మొదలైంది, ఇంకొకటి ఆ దారంతో అల్లిన బూటు దగ్గర.

దారం ఎందుకు సాగుతుంది?

నేసిన బట్టలో పడుగు, పేక ఉంటాయి. రెండూ నిలువుగా, అడ్డంగా బిగుతుగా ఉంటాయి కాబట్టి చొక్కా గుడ్డను లాగితే పెద్దగా సాగదు. అల్లిన బట్టలో సంగతి వేరు. టీ షర్టు, బనియన్, స్వెటర్ అన్నీ అల్లికలే. ఒకే దారం లూపులు లూపులుగా తిరుగుతూ, ఒక లూపులోంచి ఇంకో లూపు దూరుతూ పోతుంది. లాగితే లూపు ఆకారం మారుతుంది, వదిలితే మళ్లీ పాత ఆకారానికి వస్తుంది. దారం ఒక్క మిల్లీమీటరు సాగకపోయినా బట్ట సాగుతుంది.

అదొక్కటే చాలదు. వదిలాక గట్టిగా వెనక్కి రావాలంటే దారానికే ఆ గుణం ఉండాలి. దానికి రెండు దారులున్నాయి. ఒకటి స్పాండెక్స్. డుపాంట్ కంపెనీలో జోసెఫ్ షైవర్స్ అనే కెమిస్టు 1958లో తయారుచేశాడు, 1962 నుంచి లైక్రా పేరుతో మార్కెట్లోకి వచ్చింది. మీ జీన్స్ లేబుల్ మీద 'ఎలాస్టేన్ 2 శాతం' అని ఉండేది అదే. రెండో దారి అంతకంటే పాతది, చవకైనది. నైలాన్ లేదా పాలిస్టర్ దారాన్నే స్ప్రింగులా మెలికలు తిరిగేలా చేయడం. మన దగ్గర సూరత్ వ్యాపారులు క్రింప్ యార్న్ అనేది ఇలాంటిదే.

ఈ మెలికలు ఎలా పెడతారు? స్విట్జర్లాండ్‌లోని హెబర్‌లైన్ కంపెనీ చూపిన హెలాంకా పద్ధతి ఇదీ: నైలాన్ దారానికి గట్టిగా పురి పెట్టాలి, వేడి చేయాలి, చల్లారాక పురి విప్పేయాలి. పురి పోయినా వేడి మీద నేర్చుకున్న మెలిక మాత్రం పోదు. రాత్రి తడి జడ వేసుకుని పొద్దున్నే విప్పితే జుట్టు అలలు అలలుగా ఉంటుంది చూశారా, అలాగన్నమాట. చిక్కేమిటంటే ఈ మూడూ మూడు వేర్వేరు పనులు. ప్రతి దానికీ దారాన్ని ఒక బాబిన్ మీంచి ఇంకో దాని మీదకు చుట్టాలి.

తర్వాత వచ్చిన 'ఫాల్స్ ట్విస్ట్' పద్ధతి ఈ మూడింటినీ ఒకే పరుగులో చేసేసింది. దీన్ని మీరు ఇప్పుడే చేసి చూడొచ్చు. ఒక దారం రెండు కొసలూ ఇద్దరు పట్టుకోండి. మూడో మనిషి మధ్యలో వేళ్లతో పట్టుకుని తిప్పాలి. వేళ్లకు ఒకవైపు పురి ఒక దిశలో, రెండోవైపు దానికి వ్యతిరేక దిశలో ఎక్కుతుంది. ఇప్పుడు దారం ఆగకుండా ముందుకు పరుగెడుతోందనుకోండి. మొదటి వైపు ఎక్కిన పురి, వేళ్లు దాటగానే విడిపోతుంది. మొదటి వైపున ఒక హీటర్ పెడితే చాలు, పురి ఎక్కిన స్థితిలోనే దారం వేడెక్కుతుంది, చల్లారుతుంది, మధ్య బిందువు దాటాక విప్పుకుని మెలికలతో బయటికి వస్తుంది. చివరికి దారంలో అసలు పురి మిగలదు కాబట్టే దానికి 'ఫాల్స్' అనే పేరు. వేళ్ల స్థానంలో వేగంగా తిరిగే చిన్న స్పిండిల్ ఉంటుంది. ఎవరి కాలికైనా సరిపోయే సాగే నైలాన్ సాక్సుల వెనక ఉన్న ఉపాయం ఇదే.

మిషన్ కొన్నా అద్దె తప్పలేదు

ఇక్కడే మొదటి తగాదా. ఫ్రాన్స్‌లోని షవనోజ్ అనే దారం కంపెనీకి ఈ ఫాల్స్ ట్విస్ట్ పద్ధతిపై పేటెంట్లున్నాయి. ఆ మిషన్లు తయారుచేసేది అదే దేశపు ఏఆర్‌సీటీ. అమెరికాలో ఆ పేటెంట్ల లైసెన్సులిచ్చే హక్కు డీరింగ్ మిలికెన్ అనే పెద్ద టెక్స్‌టైల్ కంపెనీ తాలూకు రీసెర్చ్ సంస్థ చేతిలో ఉంది. అమెరికాలో మామూలు నైలాన్ దారాన్ని కొని, సాగే దారంగా మార్చి అల్లిక మిల్లులకు అమ్మేవాళ్లను త్రోస్టర్లు అంటారు. వీళ్లు డబ్బు పెట్టి మిషన్ కొనాలి. కొన్నాక, దాన్ని వాడుతున్నందుకు మళ్లీ రాయల్టీ కట్టాలి. ఆటో కొనుక్కున్నాక కూడా నడిపినందుకు షోరూమ్‌కు డబ్బు కట్టినట్టు!

పేటెంట్ చట్టం దృష్టిలో ఇందులో దానంతటదే తప్పేమీ లేదు. పద్ధతి మీద పేటెంట్ ఉంటే, వాడకానికి రాయల్టీ అడగొచ్చు. గొడవ ఎక్కడొచ్చిందంటే, లీసోనా అనే ఇంకో మిషన్ల కంపెనీ అమెరికాలో ఇలాంటి మిషన్లే అమ్ముతోంది. ఈ రెండు పక్షాలూ కోర్టుకెక్కాయి. లీసోనా గట్టిగా పోరాడి ఉంటే ఆ పేటెంట్లలో కొన్ని చెల్లవని తేలిపోయే ప్రమాదం ఉంది. అలా జరగనివ్వలేదు. 1964లో అందరూ కూర్చుని రాజీ కుదుర్చుకున్నారు. పోటీదారులు చేతులు కలిపారు, రాయల్టీ భారం మాత్రం త్రోస్టర్ల నెత్తిన అలాగే ఉండిపోయింది.

1960ల చివరికి వచ్చేసరికి త్రోస్టర్లకు ఓపిక నశించింది. డుప్లాన్ అనే కంపెనీతో సహా చాలామంది రాయల్టీలు కట్టబోమని ఎదురుతిరిగారు. ఒకదాని తర్వాత ఒకటి పడ్డ కేసులన్నీ సౌత్ కరోలినా ఫెడరల్ కోర్టు ముందుకు చేరాయి. విచారణ ఏళ్ల తరబడి నడిచింది. 1977లో కోర్టు తీర్పు త్రోస్టర్ల వైపు మొగ్గింది. పేటెంట్ల చాటున పోటీని తొక్కేశారని, ఆ 1964 రాజీ కూడా పోటీ చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. 1979లో అప్పీలు కోర్టు ఆ రాజీ గురించిన మాటను నిలబెట్టింది.

ఈ కేసు ఇప్పుడు టెక్స్‌టైల్ వాళ్లకంటే లా స్టూడెంట్లకే బాగా తెలుసు. అదీ వేరే కారణానికి. ఒక కేసు కోసం లాయరు రాసుకున్న సొంత ఆలోచనల నోట్సును, ఆ కేసు ముగిశాక ఇంకో కేసులో ఎదుటి పక్షం చూపించమని అడగొచ్చా అన్న ప్రశ్న ఇందులోనే వచ్చింది. కుదరదని అప్పీలు కోర్టు 1974లో చెప్పింది. సాక్సు దారం ఎక్కడ, లాయర్ల నోట్సు ఎక్కడ!

నాకు ఈ కథలో ఆసక్తి కలిగించేది త్రోస్టర్ల పరిస్థితి. వాళ్లు కొత్తగా కనిపెట్టినవాళ్లు కాదు, పేటెంట్ ఓనర్లూ కాదు. మిషన్ నడిపి బతికేవాళ్లు. పేటెంట్ అంటే కనిపెట్టినవాడి విషయం, మనకెందుకులే అని ఏళ్ల తరబడి అడిగినంత కట్టారు. ఆ పేటెంట్లో ఏముంది, తమ మిల్లులో నడిచేది నిజంగా దాని పరిధిలోకి వస్తుందా అని ప్రశ్నించడం మొదలుపెట్టాకే లెక్కలు మారాయి. మన యువతలో ఎక్కువమంది రేపు చేరబోయేది కూడా త్రోస్టర్ల లాంటి కంపెనీల్లోనే కానీ షవనోజ్ లాంటి వాటిలో కాదు.

బూటు మీద తగాదా, టెక్స్ట్‌బుక్ సాక్ష్యం

రెండో తగాదా మీకు బాగా తెలిసిన పేర్ల మధ్య. 2012 ఫిబ్రవరిలో నైకీ ఫ్లైనిట్ అనే రన్నింగ్ షూ బయటపెట్టింది. తోలు ముక్కలు, గుడ్డ ముక్కలు కత్తిరించి కుట్టే పని లేకుండా పైభాగం మొత్తం దారంతో అల్లేయడం దీని ప్రత్యేకత. మడమ దగ్గర బిగువుగా, వేళ్ల దగ్గర వదులుగా, మెడ దగ్గర సాగేలా.. ఎక్కడ ఏ అల్లిక కావాలో మిషన్‌కు చెబితే సరి. ముక్కలు మిగలవు, కుట్లూ తక్కువ. అదే ఏడాది లండన్ ఒలింపిక్స్ ముందు జులైలో అడిడాస్ ప్రైమ్‌నిట్ పేరుతో దాదాపు అలాంటిదే తెచ్చింది. నెల తిరిగేసరికి నైకీ జర్మనీలోని న్యూరెంబర్గ్ కోర్టుకు వెళ్లి అమ్మకాలు ఆపమని తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకుంది. కొన్ని నెలలకే అది ఎగిరిపోయింది.

అడిడాస్ అక్కడితో ఊరుకోలేదు. అదే ఏడాది నవంబరులో అమెరికా పేటెంట్ ఆఫీసు బోర్డు దగ్గర నైకీ పేటెంట్ నంబర్ 7,347,011 మీద ఎదురుదాడికి దిగింది. నైకీ దీనికి 2004లో దరఖాస్తు పెట్టింది, 2008లో మంజూరైంది. అందులో 46 క్లెయిమ్‌లున్నాయి. అల్లిన బట్టతో చేసిన బూటు పైభాగం దాని సారాంశం. అడిడాస్ ఏం తెచ్చి చూపించిందో తెలుసా? షుస్లర్ అనే అతని పేరుతో 1939లో, 1942లో వచ్చిన రెండు అమెరికా పేటెంట్లు, నిషిదా అనే పేరుతో 1994లో వచ్చిన మరొకటి. రెండో ప్రపంచ యుద్ధం నాటి పేటెంట్ కాగితాలు ఒలింపిక్ బూటుకు అడ్డంపడ్డాయి.

దీన్నే 'ప్రయర్ ఆర్ట్' అంటారు. దరఖాస్తు తేదీకి ముందే లోకానికి తెలిసిన సమాచారం అని అర్థం. పాత పేటెంటు కావచ్చు, పుస్తకం కావచ్చు, ఎగ్జిబిషన్‌లో పెట్టిన మిషన్ కావచ్చు. అది ఏ దేశంలోది, ఏ భాషలోది, ఎన్నాళ్ల కిందటిది అన్నది అడ్డు కాదు. దానికున్న 20 ఏళ్ల గడువు ఎప్పుడో తీరిపోయి ఉండొచ్చు. హక్కుగా అది చచ్చిపోయింది, సాక్ష్యంగా మాత్రం బతికే ఉంది.

నైకీ ఏం చేసింది? 46 క్లెయిమ్‌లనూ తానే వదులుకుని, వాటి స్థానంలో 47 నుంచి 50 వరకు నాలుగు కొత్త, ఇరుకైన క్లెయిమ్‌లు ఇస్తానంది. 2014లో బోర్డు ఒప్పుకోలేదు. నైకీ అప్పీలుకెళ్లింది. 2016లో అప్పీలు కోర్టు కొంత భాగం మళ్లీ చూడమని వెనక్కి పంపింది. మళ్లీ బోర్డు కాదంది. మళ్లీ అప్పీలు.

ఈ మలుపులో కథ మొత్తం 49వ క్లెయిమ్ చుట్టూ తిరిగింది. అందులో కొత్తగా చెప్పిందేమిటంటే, లేసులు దూర్చే రంధ్రాలను తర్వాత పొడవకుండా, అల్లేటప్పుడే అక్కడ కొన్ని కుట్లు వదిలేసి ఏర్పరచడం. చదివితే తెలివైన ఆలోచనలాగే ఉంది. కానీ అల్లేటప్పుడు కుట్టు వదిలేస్తే రంధ్రం ఏర్పడుతుందన్నది అల్లికలు తెలిసిన ఏ అమ్మమ్మకైనా తెలిసిన సంగతే కదా? బోర్డు కూడా అదే అంది. అమ్మమ్మను పిలిపించలేదు కాబట్టి ఒక పుస్తకాన్ని చూపించింది. డేవిడ్ స్పెన్సర్ రాసిన 'నిట్టింగ్ టెక్నాలజీ'. అవును, టెక్స్‌టైల్ కోర్సుల్లో అల్లిక పాఠానికి చదివే ఆ పాఠ్యపుస్తకమే.

2020లో అప్పీలు కోర్టు మళ్లీ వెనక్కి పంపింది. పుస్తకంలో ఉన్నది తప్పని కాదు. 49వ క్లెయిమ్ మీద ఈ పుస్తకాన్ని వాడబోతున్నామని నైకీకి ముందుగా చెప్పి, జవాబిచ్చే అవకాశం ఇవ్వలేదని. అవకాశం ఇచ్చాక కూడా బోర్డు అదే నిర్ణయానికి వచ్చింది, 2022లో అప్పీలు కోర్టు సరేనంది. లేసు రంధ్రం సంగతి తేలడానికి పదేళ్లు పట్టింది!

నైకీని చూసి జాలి పడాల్సిన పనేమీ లేదు. వాళ్ల దగ్గర ఇదొక్కటే పేటెంట్ కాదు. 2021 చివర్లో వేరే పేటెంట్లతో అడిడాస్ మీద మళ్లీ వెళ్లారు, 2022 ఆగస్టులో రెండు కంపెనీలూ రాజీ పడ్డాయి. 2023లో లులులెమన్ మీద, అదే ఏడాది నవంబరులో న్యూ బ్యాలెన్స్, స్కెచర్స్ మీద కేసులు వేశారు. లులులెమన్ కేసులో 2025 మార్చిలో న్యూయార్క్ జ్యూరీ నైకీ పక్షాన తీర్పిచ్చింది. పరిహారం 3,55,450 డాలర్లు. అంత పెద్ద కంపెనీల మధ్య, అన్నేళ్ల లాయర్ ఫీజుల ముందు అదెంత? వాళ్ల లెక్క ఆ డబ్బు కాదు. అల్లిన బూటు చేయాలనుకునే ప్రతివాడూ ముందు తమ పేటెంట్లు చదివి, దారి తప్పించుకుని వెళ్లాల్సి రావాలి. అదీ లెక్క.

ఈ పని ఎవరు చేస్తారు?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ 1942 పేటెంట్‌ను ఎవరు వెతికి పట్టుకున్నారు? కోర్టులో వాదించిన లాయరు పేరు రికార్డుల్లో ఉంటుంది. వెతికినవాళ్ల పేరు ఉండదు. ఇలాంటి పనికి లూపు అంటే ఏమిటో తెలిసినవాళ్లు కావాలి. ఫ్లాట్ నిట్టింగ్‌కూ సర్క్యులర్ నిట్టింగ్‌కూ తేడా తెలియనివాడు ఎన్ని లా డిగ్రీలు చదివినా ఆ పాత డ్రాయింగ్ చూసి గుర్తుపట్టలేడు. నా దృష్టిలో టెక్స్‌టైల్, మెకానికల్, కెమికల్ చదివినవాళ్లకు ఇదొక తలుపు. దాన్ని తట్టేవాళ్లే తక్కువ.

మన చట్టం కూడా ఈ విషయంలో ఉదారంగానే ఉంది. పేటెంట్ ఏజెంట్ కావడానికి లా డిగ్రీ అక్కర్లేదు. 21 ఏళ్లు నిండి, సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ ఉండి, పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్ష పాసైతే చాలు. ఒక పేపర్ చట్టం మీద, రెండోది డ్రాఫ్టింగ్ మీద, తర్వాత వైవా. ఒక్కోదాంట్లో 50, మొత్తం మీద 60 శాతం రావాలి. ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఈ పరీక్ష ప్రతి ఏడాదీ కచ్చితంగా జరుగుతుందన్న నమ్మకం లేదు. మధ్యలో కొన్నేళ్లు అసలు పెట్టలేదు. దీన్నొక్కదాన్నే నమ్ముకుని ఉద్యోగం మానేసి కోచింగ్‌లో కూర్చోవద్దు. కంపెనీల్లో, ఐపీ సంస్థల్లో సెర్చ్ చేసే అనలిస్టు ఉద్యోగానికి ఈ పరీక్ష తప్పనిసరి కాదు. ముందు అక్కడ చేరి, పని చేస్తూ పరీక్ష రాసుకోవచ్చు.

ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే పేటెంట్ ఎగ్జామినర్ పోస్టులున్నాయి. 2023లో 553 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఎలక్ట్రానిక్స్‌కు 108, మెకానికల్‌కు 99 ఇచ్చారు. టెక్స్‌టైల్‌కు ఎన్నో తెలుసా? 8. ఈ అంకె చూసి ఉస్సూరుమనేవాళ్లు ఉంటారు. నేనైతే ఇంకోలా చూస్తాను. దేశం మొత్తం మీద టెక్స్‌టైల్ బీటెక్ చేసేవాళ్లే తక్కువ, అందులో క్లెయిమ్ చదవడం వచ్చినవాళ్లు ఇంకా తక్కువ. అయినా 8 పోస్టుల కోసం నాలుగేళ్లు ఎదురుచూడమని ఎవరికీ చెప్పను. మెకానికల్ వాళ్లు గమనించాల్సింది ఇంకొకటుంది. అల్లిక మిషన్, స్పిండిల్, సూది, క్యామ్ అన్నీ వాళ్ల సబ్జెక్టే.

ఏఐ వచ్చాక ఈ సెర్చ్ ఉద్యోగాలుంటాయా అని అడుగుతున్నారు. వెతకడం తేలికైంది, నిజమే. వెతికి తెచ్చిన వంద కాగితాల్లో ఏది నిజంగా 49వ క్లెయిమ్‌ను కొడుతుందో తేల్చి, దానికి కారణం రాసి, ఎదుటివాళ్లు ప్రశ్నిస్తే నిలబడాల్సింది మాత్రం మనిషే. పేజీలు తిప్పడం మాత్రమే వచ్చినవాళ్లకు కష్టకాలమే.

మన దగ్గర ఈ మాటలు ఎక్కడ పనికొస్తాయంటారా? తడ దగ్గర మాంబట్టులో ఉన్న అపాచీ ఫ్యాక్టరీ అడిడాస్‌కు షూస్ చేస్తోంది. అచ్యుతాపురం బ్రాండిక్స్‌లో లోదుస్తులు కుడుతున్నారు, సాగే బట్ట లేకుండా ఆ పనే లేదు. వరంగల్ కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు కొరియా కంపెనీ యంగ్‌వన్ వచ్చింది. డిజైనూ, పేటెంటూ ఇలాంటి చోట్ల ఎక్కువగా బ్రాండ్లవే. మన పిల్లలు అక్కడ సూపర్‌వైజర్లుగా, క్వాలిటీ వాళ్లుగా చేరుతున్నారు. లైన్‌లో దారం తెగకుండా టెన్షన్ సరిచేసే చిన్న ఉపాయం ఎవరో ఒకరు కనిపెడుతూనే ఉంటారు. అది కొత్తదా, పాతదా, రాసిపెట్టాల్సిందా అని చెప్పగల మనిషి ఆ షెడ్డులో ఒక్కరు ఉన్నా తేడా వస్తుంది.

ఉపాయం ముందు, పేటెంట్ తర్వాత అన్నదానికి మనకు దూరం వెళ్లక్కర్లేని ఉదాహరణ చింతకింది మల్లేశం. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని చేత్తో వేలసార్లు తిప్పాలి. వాళ్లమ్మ భుజాలు నొప్పులు పడుతుంటే చూడలేక, బడి చదువు మధ్యలో ఆగినా ఏళ్ల తరబడి కుస్తీ పట్టి ఆసు యంత్రం చేశాడు. మిషన్ నడిచింది, నేతకారుల ఇళ్లకు చేరింది, పేటెంట్ వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ వరస చూడండి. మన కాలేజీల్లో పేటెంట్ కాగితం ముందొస్తోంది, మిషన్ ఎక్కడుందో ఎవరూ అడగడం లేదు.

క్లెయిమ్ చదవడం ఎలాగో కూడా చెప్పాలి కదా. పేటెంట్‌లో ముందున్న పది, ఇరవై పేజీలు వివరణ. హక్కు ఉండేది చివర్లో నంబర్లు వేసిన వాక్యాల్లో. క్లెయిమ్ 1ను తీసుకుని ముక్కలు చేయండి. ఉదాహరణకు 'అల్లిన పైభాగం', 'దానిలో రెండు రకాల అల్లికలున్న భాగాలు', 'కుట్లు వదిలి చేసిన రంధ్రాలు', 'వాటికి అతికిన అడుగు' అని నాలుగు ముక్కలొచ్చాయనుకోండి. మీ వస్తువులో ఆ నాలుగూ ఉంటేనే మామూలుగా ఉల్లంఘన అవుతుంది. ఒక్కటి లేకపోయినా మీకు వాదన ఉంది. అలాగే ఆ నాలుగూ ఒకే పాత కాగితంలో దొరికితే ఆ క్లెయిమ్‌లో కొత్తదనం లేదు. రెండు మూడు కాగితాల్లో విడివిడిగా దొరికితే, వాటిని కలపడం ఆ పని తెలిసినవాడికి సహజంగా తడుతుందా అన్నది ప్రశ్న. నైకీ, అడిడాస్ కొట్టుకున్నది ఈ చివరి ప్రశ్న మీదే.

మన చట్టంలో ఇంకో సౌకర్యం ఉంది. సెక్షన్ 25(1) ప్రకారం, పబ్లిష్ అయిన దరఖాస్తు మంజూరయ్యేలోపు దాన్ని ఎవరైనా వ్యతిరేకించవచ్చు. పోటీ కంపెనీయే కానక్కర్లేదు. స్టూడెంట్ కూడా చేయొచ్చు. మంజూరయ్యాక మాత్రం ఏడాదిలోపు, అదీ సంబంధం ఉన్నవాళ్లే చేయాలి. మీ కాలేజీ వాళ్లు పెట్టిన దరఖాస్తు మీదే మీరు ప్రయర్ ఆర్ట్ వెతికి చూడండి, బోలెడు నేర్చుకుంటారు. వ్యతిరేకత దాఖలు చేయమని మాత్రం అనడం లేదు. ఇంటర్నల్ మార్కులు కూడా ముఖ్యమే!

వెతకడానికి డబ్బు ఖర్చు లేదు. గూగుల్ పేటెంట్స్, యూరప్ వాళ్ల ఎస్పాసెనెట్, మన పేటెంట్ ఆఫీసు ఇన్‌పాస్ మూడూ ఉచితమే. పదాలతో వెతికితే వేలల్లో వస్తాయి కాబట్టి క్లాస్ కోడ్‌తో వెతకండి. అల్లికలు డి04బి కింద, మెలికల దారాలూ సాగే దారాలూ డి02జి కింద, బూట్లు ఏ43బి కింద ఉంటాయి. వారానికి ఒక పేటెంట్ తీసుకుని, క్లెయిమ్ 1ను తెలుగులో మీ మాటల్లో ఒక పేజీ రాయండి. రాయలేకపోతే అర్థం కానట్టే. ఇలా పది పేజీలు పోగైతే, రెజ్యూమెలో 'పబ్లిష్డ్' లైన్ పక్కన వాటినీ పెట్టండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు దేని గురించి అడుగుతారో చూడండి.

మొదటిది ఏది తీసుకోవాలో తోచకపోతే గూగుల్ పేటెంట్స్‌లో యూఎస్ 2276920 అని కొట్టండి. 1942 నాటి షుస్లర్ పేటెంట్ అది. ముందు బొమ్మలు చూడండి, తర్వాత మీ ఇంట్లో ఉన్న అల్లిక షూ పక్కన పెట్టుకుని చివరి పేజీ చదవండి.